నాడీకణాన్ని వినాలా, చూడాలా, కదిలించాలా? పరిశోధన పద్ధతిని ఎంచుకునేవారికి

నెల్లూరు, కావలి, ఒంగోలు కళాశాలల్లో జంతుశాస్త్రమో శరీరధర్మశాస్త్రమో చదువుతూ నాడీకణాల మీద ప్రాజెక్టు చేయాలనుకునే విద్యార్థులు సలహా కోసం వచ్చినప్పుడు, దాదాపు ప్రతి ఒక్కరూ మొదట చెప్పేది ఒక పరికరం పేరు. ఒకరికి ఒక్క కణంలోని విద్యుత్తును కొలిచే ప్యాచ్ క్లాంప్ కావాలి, ఇంకొకరికి మెదడును స్కాను చేసే ఎఫ్ఎంఆర్ఐ కావాలి, ఈ మధ్య ఎక్కువ మందికి కాంతితో కణాలను పలికించే ఆప్టోజెనెటిక్స్ కావాలి. దానితో ఏం తెలుసుకుంటారని అడిగితే మాత్రం సమాధానం వెంటనే రాదు. జువ్వలదిన్నె రేవు నుంచి పడవ తీసే జాలరి ఏ చేపకు పోతున్నాడో తేల్చుకున్నాకనే వల సర్దుకుంటాడు. వల కన్ను కంటే చిన్నదేదీ ఆ వలలో నిలవదని అతనికి తెలుసు. నాడీకణాలను పరిశీలించే ప్రతి పద్ధతికీ అలాంటి కన్నే ఉంటుంది. ఒకదానిలో కాలం జారిపోతుంది, ఇంకొకదానిలో చోటు జారిపోతుంది, మరొకదానిలో కణం బతికి ఉండడమే కుదరదు. అందువల్ల ఏ పద్ధతిలో ఏది జారిపోతుందో ముందుగా చెప్పి, ఎంపికను దాని మీద నిలబెడతాను.

కొలవడానికి అసలు ఏమున్నది

నాడీకణంలో జరిగే పని ఒక్కటి కాదు, ఒకదాని వెంట ఒకటి జరిగే నాలుగైదు పనుల వరుస. ఒక్కో పద్ధతి ఆ వరుసలో ఒక్కో మెట్టును మాత్రమే పట్టుకుంటుంది గనుక, వరుస తెలియకుండా పద్ధతుల మధ్య పోలిక సాధ్యం కాదు.

కణత్వచానికి లోపలి వైపు పొటాషియం ఎక్కువగా, బయటి వైపు సోడియం ఎక్కువగా ఉంటాయి. త్వచంలోని పంపు ప్రతి విడతకూ 3 సోడియం అయాన్లను బయటికి తోసి 2 పొటాషియం అయాన్లను లోపలికి తెస్తూ ఈ తేడాను నిలబెడుతుంది. త్వచం విశ్రాంతిలో ఉన్నప్పుడు ప్రధానంగా పొటాషియాన్ని జారనిస్తుంది కాబట్టి, కణం లోపలి భాగం బయటితో పోలిస్తే సుమారు 70 మిల్లీవోల్టులు రుణాత్మకంగా ఉంటుంది. ఇతర కణాల నుంచి వచ్చిన సంకేతాలు కలిసి ఈ విలువను మైనస్ 55 మిల్లీవోల్టుల దరిదాపులకు తెచ్చాయంటే, సోడియం ఛానళ్ళు, అంటే త్వచంలో సోడియం వెళ్ళే ప్రోటీన్ దారులు, ఒక్కసారిగా తెరుచుకుంటాయి. పెన్నా కాలువ మీద తూము తలుపు ఎత్తినప్పుడు నీటిని ఎవరూ తోయనక్కరలేదు, మట్టం తేడాయే తోస్తుంది. ఇక్కడ సోడియం లోపలికి దూకడం కూడా అంతే. వోల్టేజి ధనాత్మకమై, ఆపైన సోడియం తూములు మూసుకుని పొటాషియం తూములు తెరుచుకోగానే తిరిగి కిందికి పడుతుంది. ఈ మొత్తం ఒకటి రెండు మిల్లీసెకన్లలో ముగుస్తుంది. పాఠ్యపుస్తకాల్లో దీనిని యాక్షన్ పొటెన్షియల్ అంటారు, ప్రయోగశాలలో మాత్రం అందరూ స్పైక్ అనే అంటారు. ఇక్కడా ఆ మాటే వాడుతున్నాను.

స్పైక్ వస్తే పూర్తిగా వస్తుంది, రాకపోతే అసలే రాదు. కాబట్టి చర్మాన్ని గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా స్పైక్ ఎత్తు మారదు, సెకనుకు ఎన్ని స్పైకులు అన్నదే మారుతుంది. ఎడ్గార్ ఏడ్రియన్ 1920లలో ఒక్కొక్క నాడీతంతువు నుంచి సంకేతాలను నమోదు చేసి ఈ సంగతిని నిరూపించాడు. 1932లో షెరింగ్టన్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. స్పైక్ ఆక్సాన్ (కణం నుంచి సంకేతాన్ని మోసుకెళ్ళే పొడవాటి పోగు) చివరికి చేరాక అక్కడ కాల్షియం ఛానళ్ళు తెరుచుకుంటాయి, కాల్షియం లోపలికి వచ్చి రసాయన సంచులను పగలగొట్టిస్తుంది, ఆ రసాయనం సైనాప్స్ (రెండు కణాలు కలిసే చోటి సందు) దాటి పక్క కణంలో ఒక చిన్న వోల్టేజి మార్పును కలిగిస్తుంది. ఇదంతా జరిగే చోట శక్తి ఖర్చవుతుంది కనుక కొద్ది సెకన్ల తరువాత రక్తప్రవాహం పెరుగుతుంది.

ఇప్పుడు వరుస స్పష్టమైంది: ఛానల్ గుండా విద్యుత్ ప్రవాహం, త్వచం వోల్టేజి, స్పైకుల లెక్క, కాల్షియం, రక్తం. వీటికి తోడు కణం ఆకారం, అది ఎవరితో ముడిపడి ఉంది అన్న విషయం ఉన్నాయి. మీ ప్రశ్న వీటిలో దేని గురించి?

బయటి నుంచి వినడం

కణం వెలుపల ఒక సన్నని లోహపు తీగను ఉంచి, దాని చుట్టూ ఉన్న కణాల స్పైకులను వినే పద్ధతి పాతది, తక్కువ ఖర్చుది, నా అభిప్రాయంలో మన ప్రాంతపు కళాశాలలకు అన్నిటికన్నా తగినది. త్వచానికి అటూ ఇటూ 100 మిల్లీవోల్టుల మార్పు జరిగినా, బయట తీగకు అందేది దానిలో చిన్న శకలం మాత్రమే. సాధారణంగా పదుల నుంచి వందల మైక్రోవోల్టులు. కనుక వందల, వేల రెట్లు పెంచే యాంప్లిఫయర్ కావాలి, 300 నుంచి 3000 హెర్ట్జుల మధ్య భాగాన్ని మాత్రమే వదిలే ఫిల్టరు కావాలి. ఒక మిల్లీసెకను సంకేతాన్ని పట్టడానికి సెకనుకు కనీసం 10,000 సార్లు నమూనా తీసుకోవాలి, దానికి ల్యాప్‌టాప్‌లోని సౌండ్ కార్డు సరిపోతుంది.

బొద్దింక కాలితో చేసే ప్రయోగం ఇందుకు చక్కని ఆరంభం. బొద్దింకను మంచునీటిలో ఉంచి స్పృహ తప్పించి, ఒక కాలును తీసి, దానిలో రెండు గుండుసూదులు గుచ్చి, యాంప్లిఫయరుకు కలిపితే, కాలి మీది ముళ్ళను పుల్లతో తాకినప్పుడల్లా స్పీకరులో చిటపటమని శబ్దం వస్తుంది. అమెరికాలో ఇద్దరు నాడీశాస్త్రజ్ఞులు విద్యార్థుల కోసం రూపొందించిన స్పైకర్ బాక్స్ అనే చిన్న పరికరం ఈ పనినే చేస్తుంది. ఎలక్ట్రానిక్స్ తెలిసినవారు అలాంటిదాన్ని సొంతంగానూ కట్టుకోవచ్చు. ఒకప్పుడు మన ప్రయోగశాలల్లో కప్ప సయాటిక్ నరాన్ని తీసి, మసి పట్టిన కాగితం చుట్టిన కైమోగ్రాఫ్ డ్రమ్ము మీద కండరపు కుదుపును గీయించేవారు. దానిలో కనిపించేది కండరం, నరం కాదు. ఇప్పుడు కప్పను ముట్టుకోవాలంటే జంతు నైతిక సంఘం అనుమతి దగ్గర నుంచి చాలా అడ్డంకులున్నాయి, అవి ఉండవలసినవే. బొద్దింకతో ఆ చిక్కు తక్కువ, పైగా నరం మాట నేరుగా వినిపిస్తుంది.

ఈ పద్ధతిలో జారిపోయేది ఏమిటంటే, స్పైక్ కాని ప్రతిదీ. స్పైక్ వరకు చేరని చిన్న వోల్టేజి మార్పులు, కణం ఎందుకు మౌనంగా ఉన్నది అన్న విషయం, ఏ ఛానల్ పని చేసింది అన్న విషయం దీనికి తెలియవు. ఒకే తీగకు నాలుగైదు కణాలు వినిపించినప్పుడు, ఏ స్పైక్ ఎవరిదో ఆకారాన్ని బట్టి విడదీయాలి. ఆ విడదీతలో పొరపాట్లు జరుగుతాయి. అయినా ఈ పద్ధతి సాధించినది తక్కువ కాదు. పిల్లి వేగస్ నరంలో ఒక్కొక్క తంతువును విడదీసి విని, ఊపిరితిత్తుల్లోని జె గ్రాహకాలను 1950లలో కనుగొన్న మన దేశస్థుడు ఆతార్ సింగ్ పెయింటల్ ఈ మార్గాన్నే పట్టాడు. ఎలుక ఒక నిర్దిష్ట చోటికి వచ్చినప్పుడు మాత్రమే పలికే కణాలను జాన్ ఓకీఫ్ 1971లో ఇలాగే కనుగొని 2014లో నోబెల్ అందుకున్నాడు. 2017లో వచ్చిన న్యూరోపిక్సెల్స్ అనే సూదిలో 960 చోట్ల వినే బిందువులున్నాయి, వాటిలో 384 ఒకేసారి పని చేస్తాయి. సూత్రం మాత్రం ఏడ్రియన్ కాలంనాటిదే.

ఒక హెచ్చరిక నా సొంత అనుభవం నుంచి చెప్పాలి. మొదటిసారి ఈ పరికరం కట్టినప్పుడు, లయ తప్పకుండా కొట్టుకుంటున్న ఒక అందమైన సంకేతాన్ని చూసి రెండు రోజుల పాటు నాడీకణమే అనుకున్నాను, గ్రాఫులు కూడా గీసుకున్నాను. మూడో రోజు కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది, సంకేతం మాత్రం మాయమైంది. అది 50 హెర్ట్జుల మెయిన్స్ రొద, దాని మీద ఫ్యాను రెగ్యులేటరు వేసిన ముళ్ళు. అప్పటి నుంచి బొద్దింక కాలు లేకుండా ఒక నమోదు, కాలు ఉండి తాకకుండా ఒక నమోదు తీయకుండా ఏ విద్యార్థి గ్రాఫునూ నేను చూడను.

ఒక్క కణం లోపలికి వెళ్ళడం

ప్రశ్న ఛానల్ గురించో సైనాప్స్ బలం గురించో అయితే బయటి నుంచి వినడం చాలదు, లోపలికి వెళ్ళాలి. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే ఇంగ్లండు శాస్త్రజ్ఞులు 1939లో స్క్విడ్ అనే సముద్రజీవి ఆక్సాన్ లోపలికి ఎలక్ట్రోడును పంపగలిగారంటే, దానికి కారణం ఆ ఆక్సాన్ అర మిల్లీమీటరు వరకు లావు ఉండడమే. మన శరీరంలోని ఆక్సాన్లు దానికి వందల రెట్లు సన్నగా ఉంటాయి. అందువల్ల చిన్న కణాల కోసం సన్నని గాజు ఎలక్ట్రోడ్లు, ఆ తరువాత 1976లో నేహర్, సక్‌మన్‌ల ప్యాచ్ క్లాంప్ వచ్చాయి. ఒక మైక్రోమీటరు వ్యాసం ఉన్న గాజు గొట్టం మూతిని కణత్వచానికి ఆనించి మెల్లగా పీలిస్తే, గాజుకూ త్వచానికీ మధ్య అతుకు ఎంత బిగుతుగా పడుతుందంటే దాని నిరోధం 100 కోట్ల ఓమ్‌లను మించుతుంది. ఆ అతుకు వల్లనే ఒక్క ఛానల్ తెరుచుకున్నప్పుడు పారే కొద్ది పికోయాంపియర్ల ప్రవాహం కనిపిస్తుంది. ఒకే ఒక ప్రోటీన్ అణువు తెరుచుకోవడం, మూసుకోవడం మన కళ్ళ ముందు మెట్లు మెట్లుగా గీత గీస్తుంది. వారిద్దరికీ 1991లో నోబెల్ దక్కింది.

దీని మోజును నేను అర్థం చేసుకోగలను. అయినా ఏడాది లోపు ప్రాజెక్టుకు దీనిని ఎంచుకోవద్దనే చెబుతాను, అందుకు కారణాలు మూడు. ప్రకంపనలు మొదటిది: ఒక మైక్రోమీటరు మూతిని ఒక కణం మీద అరగంట పాటు కదలకుండా నిలపాలి. చెన్నై-విజయవాడ రైలు మార్గానికీ పదహారో నంబరు జాతీయ రహదారికీ మధ్య ఉన్న ఏ భవనంలోనైనా, గాలిమెత్త మీద తేలే బల్ల లేకుండా అది సాధ్యం కాదు. రెండవది కోస్తా తేమ. గాజు గొట్టాల దగ్గర నుంచి యాంప్లిఫయరు తొలి మెట్టు వరకు అన్నిటినీ అది పాడు చేస్తుంది. మూడవది, ముఖ్యమైనది, చెయ్యి తిరగడం. మెదడును సుమారు 300 మైక్రోమీటర్ల ముక్కలుగా కోసి, ఆక్సిజన్ ఎక్కించిన ద్రవంలో కొద్ది గంటలు బతికించి, వాటిలో ఆరోగ్యంగా ఉన్న కణాన్ని ఎంచి అతుకు వేయడం ఏ పుస్తకం చదివినా రాదు. పక్కన కూర్చుని చూపించే మనిషి ఉండాలి. ఆ మనిషి ఉన్న చోటికి, అంటే బెంగళూరులోని ఎన్‌సీబీఎస్, ఐఐఎస్‌సీ, నిమ్హాన్స్ వంటి సంస్థలకు మీరే వెళ్ళడం నయం. దేశంలోని మూడు విజ్ఞాన అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్పులు విద్యార్థులకే కాక అధ్యాపకులకూ ఉన్నాయి. రెండు నెలల పాటు అక్కడ కూర్చుంటే, ఇది మీకు సరిపడే పని అవునో కాదో తేలిపోతుంది.

ఈ పద్ధతిలో జారిపోయేది సంఖ్య. రోజంతా కష్టపడితే పది కణాలు దొరకవచ్చు, రెండు దొరకవచ్చు. పూర్తికణం అమరికలో, అంటే మూతి కింది త్వచాన్ని తెంచి కణం లోపలికి దారి చేసుకున్నప్పుడు, గొట్టంలోని ద్రవం కణద్రవాన్ని నెమ్మదిగా కడిగివేస్తుంది కనుక, కొంతసేపటి తరువాత మీరు కొలుస్తున్నది ఆ కణాన్నా, మీరు నింపిన ద్రవాన్నా అనే సందేహం కూడా మిగులుతుంది.

చూడడం

ఇక్కడ రెండు వేర్వేరు పనులను ఒకే మాటతో పిలుస్తున్నాం. చనిపోయిన కణం ఆకారాన్ని చూడడం ఒకటి, బతికి ఉన్న కణం పనిని చూడడం ఇంకొకటి.

మొదటిదానికి 1873లో కమీల్లో గాల్జి కనిపెట్టిన రంగు పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. పొటాషియం డైక్రోమేటులో ఊరిన కణజాలాన్ని సిల్వర్ నైట్రేటులో ముంచితే, వంద కణాల్లో ఏ కొద్దిటికో మాత్రమే రంగు పడుతుంది, అయితే ఆ కొద్దీ కొమ్మరెమ్మలతో సహా నల్లగా తేలుతాయి. మిగిలినవి రంగు పట్టకపోవడమే ఇక్కడి మేలు. అన్నీ రంగు పట్టి ఉంటే తాటితోపును పైనుంచి చూసినట్టే ఉండేది. ఈ పద్ధతితోనే స్పెయిన్ శాస్త్రజ్ఞుడు కహాల్ 1887 నుంచి గీసిన చిత్రాలు, నాడీకణాలు విడివిడి కణాలేనన్న వాదానికి పునాది వేశాయి. గాల్జి మాత్రం అవి ఒకే వల అని నమ్మాడు. ఇద్దరికీ 1906లో ఒకే నోబెల్ పంచారు, బహుమతి ఉపన్యాసంలో కూడా గాల్జి ఆ నమ్మకాన్ని విడువలేదు. ఒకే గాజుపలకను చూసిన ఇద్దరు రెండు భిన్నమైన ముగింపులకు చేరవచ్చని ఇక్కడ గమనించండి; ఆకారం ఒక్కటే పనిని చెప్పదు. ఇదే మార్గాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చివరిదాకా తీసుకెళ్ళినవారు 1986లో 302 నాడీకణాలున్న సీ ఎలిగాన్స్ అనే చిన్న పురుగు ముడులన్నిటినీ, 2024లో పండ్ల ఈగ మెదడులోని సుమారు 1,39,000 కణాల ముడులను పటంగా గీశారు. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి, ఆ పని మన కాలంలో ముగిసేలా లేదు.

రెండవది కాల్షియం చిత్రణ. విశ్రాంతిలో కణం లోపలి కాల్షియం బయటి దానిలో పదివేల వంతు మాత్రమే ఉంటుంది కనుక, స్పైక్ వచ్చినప్పుడు లోపలి మట్టం గబుక్కున పెరుగుతుంది. ఆ పెరుగుదలకు వెలిగే రంగును రోజర్ చెన్ 1980లలో తయారుచేశాడు. 2001లో జపాన్‌లో రూపొందిన జీకాంప్ అనే ప్రోటీన్ వచ్చాక, కణమే ఆ వెలుగును సొంతంగా తయారుచేసుకోగలిగింది. 1990లో వచ్చిన రెండు-ఫోటాన్ సూక్ష్మదర్శినిని దీనికి జోడిస్తే, మేలుకుని తిరుగుతున్న ఎలుక మెదడులో వందల కణాలను ఒకేసారి చూడవచ్చు. ఏ వెలుగు ఏ కణానిదో అన్న అనుమానం లేదు, నెలల తరబడి అదే కణానికి తిరిగి రావచ్చు. స్పైకులను విడదీయలేక అలసిపోయినవారికి ఇది స్వర్గం లాగా కనిపిస్తుంది.

అయితే కాల్షియం స్పైక్ కాదు, స్పైక్ వేసిన నీడ. మిల్లీసెకనులో ముగిసిన సంఘటనకు వెలుగు వందల మిల్లీసెకన్ల పాటు మెల్లగా ఆరుతుంది. మూడు స్పైకులు దగ్గర దగ్గరగా వస్తే ఒకే పెద్ద వెలుగుగా కలిసిపోతాయి. కాబట్టి ‘ఏ కణాలు’ అన్న ప్రశ్నకు కాల్షియాన్ని, ‘ఏ క్షణంలో’ అన్న ప్రశ్నకు ఎలక్ట్రోడును ఎంచుకోండి. ఈ రెంటినీ తారుమారు చేసుకుని ఏళ్ళు పోగొట్టుకున్నవారు ఉన్నారు.

కదిలించడం

వినడం, చూడడం రెండూ ఒక పరిమితిని దాటలేవు. ఎలుక భయపడినప్పుడల్లా ఒక కణం పలికితే, ఆ కణం భయానికి కారణమా, భయం వల్ల కలిగిన ఫలితమా అన్నది వినడం వల్ల తేలదు. దానికి ఆ కణాన్ని ఆపి చూడాలి లేదా పలికించి చూడాలి. ఛానళ్ళను మూసే విషాలు దీనికి పాత మార్గం. పఫర్ చేపలోని టెట్రోడోటాక్సిన్ సోడియం ఛానల్‌ను మూసివేస్తుందన్న సంగతి 1964లో తేలింది. పంటి డాక్టరు ఇచ్చే మత్తు సూది కూడా అవే ఛానళ్ళను తాత్కాలికంగా మూస్తుంది. విషంతో చిక్కు ఏమిటంటే, అది అక్కడున్న అన్ని కణాలనూ ఆపుతుంది. 2005లో మొదలైన ఆప్టోజెనెటిక్స్‌లో, ఒక ఆకుపచ్చ నాచు నుంచి తీసిన ఛానల్‌ను కోరిన రకం కణాల్లో మాత్రమే పెట్టి, నీలి కాంతి వేస్తే ఆ కణాలే పలికేలా చేస్తారు. కారణాన్ని తేల్చడంలో దీనికి సాటి లేదు. కాని జన్యుమార్పు చేసిన జంతువులు, వైరస్‌లను వాడే ఏర్పాట్లు, జీవభద్రతా సంఘం అనుమతి లేని చోట దీని గురించి ఆలోచించడం కూడా అనవసరం. మన జిల్లాల్లో ఉండి దీనిని కోరుకునేవారికి నా సలహా ఒక్కటే: పీహెచ్‌డీకి వెళ్ళేటప్పుడు ఎంచుకోండి.

మనిషి మెదడు విషయంలో

కపాలం తెరవకుండా మనిషి మెదడును పరిశీలించేవాటిలో, తల మీద ఎలక్ట్రోడ్లు ఆనించి విద్యుత్తును నమోదు చేసే ఈఈజీ, రక్తంలోని మార్పును స్కానులో చూసే ఎఫ్ఎంఆర్ఐ ముఖ్యమైనవి. మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర జరిగే రొట్టెల పండుగను తలచుకుంటే ఈ రెంటి తేడా సులువుగా తెలుస్తుంది. చెరువుకు దూరంగా నిలబడి జనం హోరును మాత్రమే వినేవాడికి, హోరు ఏ క్షణంలో పెరిగిందో కచ్చితంగా తెలుస్తుంది. అది ఏ మూలనుంచి వచ్చిందో, అందులో ఎవరేమన్నారో తెలియదు. అది ఈఈజీ. ఇంకొకడు హోరు వినడు, ఏ టీకొట్టుకు పాలు ఎక్కువగా వెళ్ళాయో మాత్రం లెక్క రాసుకుంటాడు. జనం ఎక్కడ గుమిగూడారో అతనికి బాగానే తెలుస్తుంది, కాని పాలు వెళ్ళేసరికి జనం అడుగు ముందుకు వేసి ఉంటారు. అది ఎఫ్ఎంఆర్ఐ.

హాన్స్ బెర్గర్ 1929లో ప్రకటించిన ఈఈజీ, మిల్లీసెకన్ల తేడాలను పట్టుకుంటుంది. అయితే అది ప్రధానంగా వల్కలంలోని (మెదడు పైపొరలోని) పిరమిడ్ కణాల సైనాప్స్ వోల్టేజిల మొత్తాన్ని చూపిస్తుంది, స్పైకులను కాదు. చాలామంది పాఠాల్లో ఈ తేడా చెప్పరు. సేజీ ఒగావా 1990లో చూపిన రక్తంలోని ఆక్సిజన్ సంకేతం మీద ఆధారపడే ఎఫ్ఎంఆర్ఐలో రెండు మూడు మిల్లీమీటర్ల ఘనం ఒక బిందువు, దానిలో లక్షల కణాలుంటాయి. సంకేతం శిఖరానికి చేరడానికి 5 సెకన్లకు పైగా పడుతుంది. రంగుల చిత్రం అందంగా ఉంటుంది కనుకనే దాని విషయంలో జాగ్రత్త ఎక్కువ కావాలి. ఈ జిల్లాల్లోని కళాశాలకు ఈ రెంటిలో అందుబాటులో ఉన్నది ఈఈజీ ఒక్కటే. కళ్ళు మూసుకున్నప్పుడు సెకనుకు 8 నుంచి 13 సార్లు ఊగే ఆల్ఫా తరంగాలు పైకి లేవడం, తెరిస్తే తగ్గడం వంటి ప్రయోగాలు చౌకైన పరికరంతోనూ నికరంగా వస్తాయి.

ప్రయోగశాల విషయం కాకపోయినా, ‘నరాల పరీక్ష’ రాయించుకుని వచ్చి రిపోర్టు చేతిలో పట్టుకుని ఏమీ అర్థం కాక నన్ను అడిగే బంధువుల కోసం ఒక మాట. చేతిలో నరాల వేగం సాధారణంగా సెకనుకు 50 మీటర్లకు పైన, కాలిలో 40కి పైన ఉండాలని ఆ పరీక్షలో చూస్తారు. ఆ పరీక్షకు అందేది లావుపాటి తంతువుల వేగమే. నొప్పినీ వేడినీ మోసే సన్నని తంతువులు దానికి కనిపించవు. మధుమేహంతో అరికాళ్ళు మండేవారికి రిపోర్టు మామూలుగా రావడం వింత కాదు, మంట అబద్ధమని దాని అర్థమూ కాదు. ఈ మాట వైద్యునితో చెప్పి, తదుపరి పరీక్ష ఆయననే నిర్ణయించనివ్వాలి.

ఏదీ కొనకుండా

కంప్యూటరు నమూనాను చాలామంది పద్ధతిగానే లెక్కించరు, అది పొరపాటు. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ 1952లో రాసిన నాలుగు అవకలన సమీకరణాలను హక్స్‌లీ చేత్తో తిప్పే లెక్కల యంత్రం మీద సాధించినప్పుడు, స్క్విడ్ ఆక్సాన్‌లో స్పైక్ వేగం సెకనుకు 18.8 మీటర్లు ఉండాలని తేలింది. కొలిచి చూస్తే 21.2 మీటర్లు ఉంది. ఛానల్ అణువును ఎవరూ చూడకముందే, సమీకరణం అంత దగ్గరికి వచ్చింది. యంత్రం తిప్పి రోజుల తరబడి చేసిన ఆ లెక్కను ఇప్పుడు ఉచితంగా దొరికే న్యూరాన్, బ్రయాన్ వంటి ప్రోగ్రాముల మీద క్షణంలో చేయవచ్చు. సోడియం వాహకతను సగం చేస్తే ఏమవుతుంది, ఉష్ణోగ్రత పెంచితే ఏమవుతుంది అన్న ప్రశ్నలకు జంతువూ అక్కరలేదు, అనుమతీ అక్కరలేదు. దీనిలో జారిపోయేది ఒక్కటే, కాని అది పెద్దది: మీరు సమీకరణంలో పెట్టనిది ఏదీ అందులోనుంచి బయటికి రాదు.

ఎవరికి ఏది

నాలుగు నెలల పీజీ ప్రాజెక్టు అయితే బొద్దింక కాలినీ కంప్యూటరు నమూనానూ జంటగా తీసుకోండి. ఉష్ణోగ్రత మారినప్పుడు స్పైకుల లెక్క ఎలా మారిందో కొలిచి, అదే మార్పును నమూనాలో చూపండి. కంప్యూటర్ సైన్సు విద్యార్థికి స్పైకులను విడదీసే పని బాగుంటుంది. ఇతర ప్రయోగశాలలు బహిరంగంగా ఉంచిన న్యూరోపిక్సెల్స్ నమోదులు దానికి కావలసినంత ఉన్నాయి. మనస్తత్వశాస్త్రం వైపు నుంచి వచ్చినవారికి ఈఈజీ. సూక్ష్మదర్శిని బాగా ఉన్న కళాశాలలో ఓపికున్న విద్యార్థికి గాల్జి రంగు; పాదరసపు లవణాలు వాడే రకాన్ని మాత్రం వ్యర్థాలను పారబోసే సరైన ఏర్పాటు లేకుండా మొదలుపెట్టవద్దు.

మన జిల్లాలకు ప్రత్యేకమైన ఒక ఎంపిక ఇంకా ఉంది, దీని మీద ఇక్కడివారు ఎందుకు పని చేయరో నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. క్షీరదాల నరాల్లో స్పైక్ అత్యధిక వేగం సెకనుకు సుమారు 120 మీటర్లు. పీనియస్ రొయ్యల పొట్టవైపు నాడీదండంలోని పెద్ద తంతువుల్లో అది 200 మీటర్లు దాటుతుంది. ఆక్సాన్‌కూ దాని చుట్టూ ఉన్న తొడుగుకూ మధ్య ద్రవం నిండిన వెడల్పాటి ఖాళీ ఉండడం దీనికి కారణం. తోక కొట్టి వెనక్కి ఎగిరే రొయ్యను గుంటగట్టు మీద నిలబడి చూడని నెల్లూరు మనిషి ఉండడు, ఆ ఎగరడానికి ఆజ్ఞ ఇచ్చేది ఇలాంటి పెద్ద తంతువులే. రొయ్యలను పోలిన క్రేఫిష్ అనే మంచినీటి జీవి విషయంలో, జంతువును ముట్టుకోకుండా నీటి తొట్టిలో రెండు తీగలు ఉంచి, తోక కొట్టినప్పుడు వచ్చే సంకేతాన్ని నమోదు చేసే పద్ధతి ఇదివరకే ఉంది. మన గుంటల్లో ఎక్కువగా పెరిగేది వనామి, అది పీనియస్ కుటుంబానిదే. కాని ఉప్పునీరు విద్యుత్తును సులువుగా పారనిస్తుంది గనుక, తీగలకు అందే వోల్టేజి దానిలో బాగా పడిపోతుంది. మంచినీటిలో పెరిగే నీలకంఠ రొయ్యతో మొదలుపెట్టి, తీగలను తొట్టి రెండు చివరలా ఉంచి, ఏరేటరు ఆపి నమోదు చేయండి. నీలకంఠంలో సంకేతం నికరంగా దొరికాక, వనామిని నీటి నుంచి తీసి, తడి దూది మీద పడుకోబెట్టి, పెంకు మీద రెండు చోట్ల ఎలక్ట్రోడ్లు ఆనించి, వాటి మధ్య దూరాన్ని స్పైక్ తీసుకున్న కాలంతో భాగిస్తే వేగం వస్తుంది. ఎలక్ట్రోడ్ల మధ్య 4 సెంటీమీటర్లు ఉంటే సెకనుకు 200 మీటర్ల వేగంలో తేడా 0.2 మిల్లీసెకన్లు మాత్రమే. ల్యాప్‌టాప్ సౌండ్ కార్డు సెకనుకు 44,100 నమూనాలు తీస్తుంది కాబట్టి ఆ వ్యవధిలో 8 లేక 9 నమూనాలే పడతాయి. వేగంలో పదోవంతు తేడా తప్పదని ముందే రాసుకుని, రెండు ఎలక్ట్రోడ్లనూ ఒకే కార్డులోని రెండు ఛానళ్ళకు కలపండి.